డెంగీ అనుమానం వస్తే: జ్వరం మొదలైన రోజు నుంచి ఇంట్లో ఏం చేయాలి

వానలు పడ్డాక, ముఖ్యంగా ఆగస్టు నుంచి నవంబరు దాకా, మన దగ్గర ఏ వీధిలో చూసినా ఎవరో ఒకరు జ్వరంతో పడుకుని ఉంటారు. డెంగీ అన్న మాట వినపడగానే చుట్టాలూ పక్కింటివాళ్లూ అడిగే మొదటి ప్రశ్న "ప్లేట్‌లెట్లు ఎంత ఉన్నాయి?" అని. ప్లేట్‌లెట్లంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు. ఇక అక్కడి నుంచి ఇల్లంతా ఆ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతుంది. పొద్దున 90 వేలు, సాయంత్రానికి 70 వేలు అంటే ఒకటే టెన్షన్.

డెంగీలో చాలాసార్లు ప్రాణం మీదికి తెచ్చేది ఆ అంకె కాదు. సన్న రక్తనాళాల గోడలు పలచబడి, మట్టికుండ చెమర్చినట్టు, రక్తంలోని నీరు బయటికి ఊరిపోతుంది. పొట్టలోకీ, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడి, బీపీ పడిపోయి, మనిషి షాక్‌లోకి వెళ్తాడు. ఇది జరిగేది ఒళ్లు 103 డిగ్రీలతో కాలిపోతున్నప్పుడు కాదు, జ్వరం దిగే వేళ. "హమ్మయ్య, తగ్గింది" అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే సమయమే అసలు కాపలా కాయాల్సిన సమయం. కింద చెప్పేవన్నీ ఆ సమయాన్ని సురక్షితంగా దాటించడం కోసమే.

1. జ్వరం మొదలైన తేదీ, గంట రాసి పెట్టండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ దీని మీదే మిగతావన్నీ ఆధారపడతాయి. ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలి, ప్రమాదం ఎప్పుడు రావచ్చు అనేవి రోజుల లెక్కతోనే తెలుస్తాయి. డాక్టర్ అడిగితే "మూడు నాలుగు రోజుల నుంచి అండీ" అనే జవాబు ఆయనకు పెద్దగా పనికిరాదు. "సోమవారం సాయంత్రం ఆరింటికి చలి పెట్టి మొదలైంది" అనండి. ఆ సోమవారమే ఒకటో రోజు.

ఒక తెల్లకాగితం తీసుకుని ఫ్రిజ్ తలుపుకో, మంచం పక్క గోడకో అంటించండి. నిలువుగా ఐదు గడులు గీయండి: సమయం, జ్వరం ఎంత, ఏ మాత్ర, ఏం తాగారు, మూత్రం. ఒక వరస ఇలా ఉంటుంది: "మధ్యాహ్నం 2 గంటలు, 102.4, పారాసిటమాల్ 650, మజ్జిగ ఒక గ్లాసు, మూత్రం వచ్చింది, పచ్చగా ఉంది." ఇంట్లో నలుగురు నాలుగు షిఫ్టుల్లో చూసుకుంటున్నప్పుడు ఈ కాగితం లేకపోతే ఒకరు వేసిన మాత్రే ఇంకొకరు మళ్లీ వేస్తారు. ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే ఫైలు కన్నా ముందు ఈ కాగితమే చేతిలో పెట్టుకోండి.

2. ఏ జ్వరం కావచ్చో ఒక అంచనాకు రండి

డెంగీ సాధారణంగా హఠాత్తుగా వస్తుంది. పొద్దున బాగానే ఉన్న మనిషికి సాయంత్రానికి 102, 103. తలనొప్పి, కళ్ల వెనక లాగినట్టు నొప్పి, నడుం, కీళ్లు, కండరాలు విరిచేస్తున్నట్టు నొప్పులు, వికారం, నోటికి రుచి లేకపోవడం. కొందరికి మొదటి రెండు రోజుల్లో మొహం, మెడ ఎర్రబడతాయి. కుట్టిన దోమ నుంచి వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడడానికి మామూలుగా 4 నుంచి 10 రోజులు పడుతుంది కాబట్టి "నిన్న దోమలు కుట్టాయి, అందుకే" అనే లెక్క కుదరదు.

ముక్కు కారడం, దగ్గు ఎక్కువగా ఉంటే ఫ్లూ లాంటి వేరే వైరల్ జ్వరం అయ్యే అవకాశం ఎక్కువ. వేళ్ల కీళ్లు, మడమలు వాచి మంచం దిగలేని స్థితి ఉంటే చికున్‌గున్యా. పాడేరు, భద్రాచలం లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో ఉన్నా, ఈ మధ్య వెళ్లి వచ్చినా, వణుకుతో వచ్చి చెమట పట్టి దిగే జ్వరానికి మలేరియా పరీక్ష ఆలస్యం చేయకూడదు. ఆశా కార్యకర్త దగ్గరే కిట్ ఉంటుంది.

స్క్రబ్ టైఫస్ గురించి మన దగ్గర తెలిసినవాళ్లు తక్కువ. పొలాలు, పొదలు, గడ్డి ఉన్నచోట తిరిగేవాళ్లకి కంటికి ఆనని చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. ఇందులోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అందుకే డెంగీ అని పొరబడతారు. జ్వరం ఉన్న మనిషికి స్నానం చేయించేటప్పుడు చంకలు, గజ్జలు, నడుం చుట్టూ, రొమ్ముల కింద చూడండి. నొప్పి లేని చిన్న పుండు మీద నల్లటి పెచ్చు కట్టి ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చూపించండి. డాక్సీసైక్లిన్ అనే చవక మందుతో ఇది చాలామందికి రెండు రోజుల్లోనే దిగి వస్తుంది. గుర్తించకపోతే మాత్రం ప్రాణాంతకం.

ఇక టైఫాయిడ్. "డెంగీతో పాటు టైఫాయిడ్ కూడా ఉందట" అనే మాట మన ఊళ్లలో ఎంతగా వినిపిస్తుందో మీకు తెలుసు. చాలాసార్లు దానికి ఆధారం ఒక్క విడాల్ టెస్టు. మన లాంటి ప్రాంతాల్లో పాత ఇన్‌ఫెక్షన్ల వల్ల కూడా విడాల్ పాజిటివ్ వస్తుంది. పైగా జ్వరం మొదటి వారంలో దాని మీద ఆధారపడలేం. టైఫాయిడ్ అనుమానం గట్టిగా ఉంటే బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష, చేయించమని అడగండి. రెండో రోజునే విడాల్ చూసి యాంటీబయోటిక్ ఇంజెక్షన్లు మొదలుపెడితే ఒప్పుకోవద్దు.

3. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే

డెంగీ అని తేలకపోయినా సరే, వానాకాలం జ్వరం ఏదైనా పారాసిటమాల్ తప్ప వేరే జ్వరం మాత్ర వేయవద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్, మెఫెనమిక్ యాసిడ్, యాస్పిరిన్ ఇవన్నీ కడుపులో పుండు పడేట్టు చేసి, రక్తస్రావానికి దారి తీయగలవు. మెడికల్ షాపులో "ఒళ్లునొప్పులకి ఏదైనా ఇవ్వండి" అంటే చేతికొచ్చే మాత్రల్లో తరచూ పారాసిటమాల్‌తో పాటు వీటిలో ఒకటి కలిసి ఉంటుంది. షీటు తిప్పి చిన్న అక్షరాలు చదవండి. అక్కడ పారాసిటమాల్ అనే ఒక్క పేరే ఉండాలి. నిమెసులైడ్‌ను 12 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదని మన దేశంలో 2011 నుంచే నిషేధం ఉంది.

పెద్దవాళ్లకి 650 మిల్లీగ్రాముల మాత్ర, కనీసం ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుకి మించకుండా. డెంగీ లివర్‌ను కూడా ఇబ్బంది పెడుతుంది కాబట్టి మోతాదు దాటడం మంచిది కాదు. లివర్ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు, బరువు తక్కువ ఉన్నవాళ్లు ఇంకా తక్కువ వాడాలి, డాక్టర్‌ను అడిగి వేసుకోండి. డోలో, కాల్‌పాల్, క్రోసిన్ పేర్లు వేరైనా లోపలిది పారాసిటమాలే. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకోటి అని పేర్లు మార్చి వేస్తే మోతాదు రెట్టింపు అవుతుంది.

పిల్లల విషయంలో ఇంకాస్త నిదానంగా చదవండి. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 12 కిలోల పాపకు ఒక్కసారికి 120 నుంచి 180. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న సిరప్ సీసా తీయండి. దాని మీద "5 మి.లీ.లో 125" అని ఉంటే, ఆ పాపకు 5 మి.లీ. సరిపోతుంది. "5 మి.లీ.లో 250" అని ఉంటే 2.5 మి.లీ. చాలు. రెండు సీసాలూ చూడడానికి ఒకేలా ఉంటాయి. చిన్న పిల్లల డ్రాప్స్ ఇంకా గాఢంగా ఉంటాయి, చాలావాటిలో ఒక్క మి.లీ.లోనే 100 మిల్లీగ్రాములు. డ్రాప్స్ మందును చెంచాతో పోస్తే ఎంత ప్రమాదమో ఆలోచించండి. సీసాతో వచ్చిన కొలత మూతతోనో, డ్రాపర్‌తోనో, సూది లేని సిరంజితోనో కొలవండి.

మందు వేసినా జ్వరం పూర్తిగా దిగకపోతే కంగారు పడొద్దు. డెంగీ జ్వరం 2 నుంచి 7 రోజులు ఉంటుంది, పారాసిటమాల్ దాన్ని కాస్త తగ్గించి ఉపశమనం ఇస్తుంది, అంతే. గోరువెచ్చని నీళ్లతో తడిగుడ్డ పెట్టి ఒళ్లు తుడవండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి: త్వరగా దిగుతుందని తుంటికి ఇంజెక్షన్ చేయించొద్దు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వేసే జ్వరం ఇంజెక్షన్ చాలావరకు డైక్లోఫెనాక్, ఒక్కోసారి దాంతో పాటు స్టెరాయిడ్. ప్లేట్‌లెట్లు తగ్గుతున్న ఒంట్లో సూది గుచ్చిన చోటే రక్తం గడ్డ కట్టవచ్చు. స్టెరాయిడ్ వల్ల డెంగీలో లాభం లేదు. పైగా జ్వరం దొంగగా దిగిపోయి, మీరు రాసుకుంటున్న రోజుల లెక్కంతా తారుమారు అవుతుంది.

గుండెకు స్టెంటు వేసుకుని యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నవాళ్లు సొంతంగా ఆపేయకూడదు, అలాగని కళ్లు మూసుకుని వేసుకోనూ కూడదు. ఆ రోజే డాక్టర్‌తో మాట్లాడండి. బీపీ మాత్రల సంగతీ అంతే.

4. తాగించడం: ఇదే అసలు వైద్యం

డెంగీ వైరస్‌ను చంపే మందు ఇప్పటికి లేదు. ఇంట్లో మీరు చేయగలిగిన వైద్యం ద్రవాలు పట్టించడం. పెద్దవాళ్లకి రోజుకు రెండున్నర, మూడు లీటర్లు. పిల్లలకు 10 కిలోల బరువుంటే సుమారు ఒక లీటరు, 20 కిలోలుంటే లీటరున్నర, జ్వరం ఎక్కువగా ఉంటే ఇంకాస్త. పాలు, గంజి, చారు, మజ్జిగ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం ఎంత తాగాలో డాక్టర్‌నే అడగాలి.

ఉత్త మంచినీళ్లే లీటర్లకు లీటర్లు తాగిస్తే ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు, బార్లీ, ఓఆర్‌ఎస్ మార్చి మార్చి ఇవ్వండి. వికారంతో ఉన్న మనిషికి గ్లాసు నిండా ఇచ్చి "తాగేయ్" అంటే వాంతి అవుతుంది. ఐదు నిమిషాలకోసారి రెండు మూడు గుక్కలు, పిల్లలకైతే చెంచాతో. ఇలా పట్టించడానికి ఒకరు పక్కన కూర్చోవాలి, వేరే దారి లేదు. రాత్రి కూడా రెండు మూడుసార్లు లేపి తాగించండి. షుగర్ ఉన్నవాళ్లకి పళ్లరసాలు, గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్లు వద్దు, మజ్జిగ, గంజి మీదే ఆధారపడి, షుగర్ చూసుకుంటూ ఉండండి. దానిమ్మ రసం, బీట్‌రూట్ రసం లాంటి ఎర్రటివి ఈ వారం పక్కన పెట్టండి. వాంతి అయితే అది రసమో రక్తమో తేల్చుకోలేక అందరూ హడలిపోతారు.

ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. లీటరు నీటికి కలిపే ప్యాకెట్‌లో 20.5 గ్రాముల పొడి ఉంటుంది. మొత్తం ప్యాకెట్ మొత్తం లీటరులో ఒకేసారి కలపాలి, గ్లాసుకు కాస్త చల్లుకునే పద్ధతి తప్పు. కలిపింది 24 గంటల్లో అయిపోకపోతే పారబోయండి. అట్టపెట్టెల్లో వచ్చే తీపి పానీయాలను చాలా ఏళ్లు ఓఆర్‌ఎస్ అనే పేరుతోనే అమ్మారు. వాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. ఒక్క డాక్టరమ్మ పట్టుదల ఎంత మంది పిల్లలకు మేలు చేసిందో!

సరిపడా తాగుతున్నారా లేదా అనేదానికి కొలత మూత్రమే. నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి రావాలి, రంగు లేతగా ఉండాలి. ఆరు గంటలు దాటినా రాలేదంటే ఆసుపత్రికి బయల్దేరండి.

5. పరీక్షలు: ఏది ఏ రోజు

మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 యాంటిజెన్, ఇది రక్తంలో వైరస్ ప్రొటీన్‌ను పట్టే పరీక్ష. ఐదో రోజు దాటాక ఐజీఎం, ఇది వైరస్ మీద ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీని పట్టే పరీక్ష. తప్పు రోజున తప్పు పరీక్ష చేయిస్తే నెగెటివ్ వచ్చి, మీరు నిశ్చింతగా ఉండిపోతారు. పదిహేను ఇరవై నిమిషాల్లో ఫలితం చెప్పే కార్డు టెస్టు కన్నా ల్యాబులో ఎలైజా అనే పద్ధతిలో చేసింది నమ్మదగినది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎలైజా ఉచితంగా చేస్తారు. ఎన్‌ఎస్1 నెగెటివ్ వచ్చినంత మాత్రాన డెంగీ లేదని తేలిపోయినట్టు కాదు, లక్షణాలు అలాగే ఉంటే ఉందనుకునే జాగ్రత్త పడాలి.

డెంగీ ఉందో లేదో చెప్పే పరీక్ష కన్నా మీకు రోజూ పనికొచ్చేది సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చెప్పే మామూలు రక్తపరీక్ష. జ్వరం మొదలైన ఒకటి రెండు రోజుల్లో ఒకటి చేయించి, ఆ కాగితం జాగ్రత్తగా దాచండి. మూడో రోజు నుంచి రోజుకొకటి, వీలైతే ఒకే ల్యాబులో. రిపోర్టు రాగానే అందరి కళ్లూ ప్లేట్‌లెట్ల మీదికి వెళ్తాయి. మీరు ఇంకో రెండు అంకెలు చూడండి.

ఒకటి పీసీవీ. కొన్ని ల్యాబులు హెమటోక్రిట్ అని రాస్తాయి. రక్తం ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె ఇది. మొదటి రోజు 38 ఉన్నది నాలుగో రోజుకు 46 అయిందంటే 20 శాతం పైనే పెరిగినట్టు, అంటే నీరు బయటికి కారిపోతోందన్నమాట. ఇక్కడే మన ఆడవాళ్లకి ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. రక్తహీనత ఉన్నామెకు మామూలు రోజుల్లోనే పీసీవీ 30 ఉండొచ్చు. డెంగీలో అది 36కి చేరితే రిపోర్టులో "నార్మల్" అని కనిపిస్తుంది, ఎర్ర గీత ఉండదు, ఎవరూ పట్టించుకోరు. నిజానికి అది 30 మీద 20 శాతం పెరుగుదల. మొదటి రిపోర్టు దాచమన్నది ఇందుకే. పాత రిపోర్టు ఏదైనా, ఆర్నెల్ల కిందటిదైనా సరే, ఉంటే డాక్టర్‌కు చూపించండి.

రెండోది తెల్లకణాల సంఖ్య, టీసీ అంటారు. డెంగీలో ఇది 4 వేల కిందికి పడుతుంది. మళ్లీ లేవడం మొదలుపెట్టిందంటే మామూలుగా ప్లేట్‌లెట్లు కూడా త్వరలో లేస్తాయి.

ఇక ప్లేట్‌లెట్లు. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు. డెంగీలో 50 వేలకు, 30 వేలకు దిగినా చాలామంది ఏ రక్తస్రావమూ లేకుండా వాటంతట అవే లేచి కోలుకుంటారు. యంత్రం లెక్క ఒక్కోసారి తప్పుతుంది, కణాలు ముద్దకట్టి ఉంటే తక్కువ చూపిస్తుంది. అంకె ఒక్కసారిగా వింతగా పడిపోతే స్లైడ్ మీద చేత్తో లెక్కపెట్టించమని అడగండి.

6. జ్వరం దిగిన తర్వాత 48 గంటలు

సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగుతుంది. ఎక్కువమందికి నాలుగు, ఐదు రోజుల దగ్గర. ఆ రోజు మన ఇళ్లలో ఏం జరుగుతుంది? తలస్నానం, పప్పన్నం, "రేపటి నుంచి స్కూలుకి పంపుదాం". పక్కన కూర్చున్న మేనత్త ఊరికి బయల్దేరుతుంది. ఆగండి. నీరు కారిపోయే దశ సరిగ్గా ఇప్పుడే మొదలవుతుంది, ఒకటి రెండు రోజులు ఉంటుంది. కాగితం మీద రాయడం ఆపొద్దు. మూత్రం లెక్క ఆపొద్దు. సీబీపీ ఆపొద్దు.

మంచి తగ్గుదలకూ చెడు తగ్గుదలకూ తేడా మనిషిని చూస్తే తెలుస్తుంది. జ్వరం దిగి, ఆకలి అని అడుగుతూ, లేచి తిరుగుతూ, ఫోన్ కావాలని పేచీ పెడుతుంటే అది కోలుకోవడం. జ్వరం దిగింది కానీ మనిషి ఇంకా డీలా పడిపోతున్నాడు, చేతులు కాళ్లు చల్లగా ఉన్నాయి, మాట్లాడడానికి విసుగు, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసేస్తున్నాడు అంటే అది షాక్‌కు దారి. "నీరసంలే, ఐదు రోజులు తిండి లేదుగా" అని సరిపెట్టుకోకండి.

ఇంట్లోనే చేసే ఒక చిన్న పరీక్ష: చేతి వేలి గోరును ఐదు సెకన్లు గట్టిగా నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రావాలి. ఆలస్యమైతే రక్తప్రసరణ తగ్గుతోందని గుర్తు. గోరింటాకు, నెయిల్‌పాలిష్ ఉంటే వేలి కొసన నొక్కి చూడండి. బీపీ మిషన్ ఉంటే పై అంకె ఒక్కటే చూసి ఊరుకోకండి. 120/80 ఉన్న మనిషికి 100/85 వచ్చిందంటే, పై అంకె వంద ఉంది కదా అనిపిస్తుంది. కానీ రెండు అంకెల మధ్య తేడా 15కి కుంచించుకుపోయింది. తేడా 20 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే అది ఎమర్జెన్సీ.

కింది వాటిలో ఒక్కటి కనిపించినా, అర్ధరాత్రయినా, ప్లేట్‌లెట్లు లక్ష ఉన్నా, ఆసుపత్రికి వెళ్లాలి:

- తగ్గని కడుపునొప్పి, ముఖ్యంగా కుడివైపు డొక్క కింద, ముట్టుకుంటే నొప్పి
- రోజులో మూడు అంతకుమించి వాంతులు, తాగింది ఏదీ నిలవకపోవడం
- చిగుళ్లు, ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం, కాఫీ పొడి రంగు వాంతి
- మత్తు, చిరాకు, తికమక మాటలు, పిల్లలైతే ఆపకుండా ఏడవడం
- ఆయాసం, పొట్ట ఉబ్బడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం
- ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం

ఇంకోటి ఉంది, దాన్ని మన ఇళ్లలో ఎవరూ నోరు విప్పి చెప్పరు. డెంగీ వారంలో నెలసరి ముందే వచ్చేయడం, ఎన్నడూ లేనంత ఎక్కువగా పోవడం. ఆడపిల్లలు సిగ్గుపడి దాస్తారు, నాన్నతో ఆసుపత్రికి వెళ్తే అసలే చెప్పరు. అమ్మో, అక్కో అడిగి తెలుసుకుని డాక్టర్‌కు చెప్పాలి. అది కూడా రక్తస్రావమే.

గర్భిణులు, ఏడాదిలోపు పిల్లలు, 60 దాటినవాళ్లు, షుగర్, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, బాగా లావుగా ఉన్నవాళ్లు ఈ లక్షణాల కోసం ఎదురు చూడకూడదు. డెంగీ అని అనుమానం రాగానే డాక్టర్ పర్యవేక్షణలోకి వెళ్లాలి. హాస్టల్లోనో, రూములోనో ఒంటరిగా ఉండే పిల్లలదీ అదే సంగతి. రాత్రి లేపి తాగించే మనిషి లేనిచోట ఇంటి వైద్యం కుదరదు.

7. ఆసుపత్రిలో

పరిస్థితి బాగాలేకపోతే బైకు మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు. 108కి ఫోన్ చేసి పడుకోబెట్టి తీసుకెళ్లండి. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో డెంగీ కేసులు ఏటా పెద్ద సంఖ్యలో చూస్తారు, అక్కడి డాక్టర్లకు దీనిలో చెయ్యి తిరిగి ఉంటుంది. హైదరాబాద్‌లో అయితే నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ ఉంది.

అక్కడ చేసే ముఖ్యమైన వైద్యం సెలైన్, అదీ బరువును బట్టి గంటకు ఇన్ని మి.లీ. అని లెక్కగట్టి, పీసీవీ, బీపీ, మూత్రం చూసుకుంటూ పెంచుతూ తగ్గిస్తూ. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసం వస్తుంది. నీరు కారే దశ ముగిశాక బయటికి పోయిన నీరంతా తిరిగి రక్తంలోకి వస్తుంది, అప్పుడు కూడా సెలైన్ అలాగే ఎక్కిస్తే ఇంకా ముప్పు. అందుకే నోటితో బాగా తాగగలుగుతున్న మనిషికి "రెండు సెలైన్లు పెట్టించండి, బలం వస్తుంది" అని అడగకండి. అర లీటరు నార్మల్ సెలైన్ సీసాలో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు కలిపిన శుద్ధమైన నీరు. అందులో బలం ఏమీ లేదు.

ప్లేట్‌లెట్లు ఎక్కించడం గురించి. రక్తస్రావం లేకపోతే మన జాతీయ మార్గదర్శకాలు చెప్పే హద్దు 10 వేల లోపు. 40 వేలకే దాతల కోసం వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు పెట్టి, డాక్టర్ మీద ఒత్తిడి తెచ్చేవాళ్లను చూస్తుంటే బాధేస్తుంది. ఎక్కించిన ప్లేట్‌లెట్లు డెంగీ ఉన్న ఒంట్లో ఎక్కువసేపు నిలవవు. నీరు కారడాన్ని ఆపవు. అలర్జీ రావచ్చు, ద్రవం ఎక్కువ కావచ్చు. "ఇప్పుడు అవసరం లేదు" అని చెప్పే డాక్టర్ నిర్లక్ష్యం చేస్తున్నట్టు కాదు, ఆయన్ని నమ్మండి. మీరు అడగాల్సిన ప్రశ్నలు వేరే: పీసీవీ ఎలా ఉంది? బీపీలో తేడా ఎంత? గత ఆరు గంటల్లో మూత్రం ఎంత వచ్చింది?

బొప్పాయి ఆకు రసం గురించి అందరూ అడుగుతారు. ప్లేట్‌లెట్లు కాస్త త్వరగా లేస్తాయని చెప్పే చిన్న అధ్యయనాలు ఉన్నాయి. షాక్‌ను ఆపుతుందని, ప్రాణాలు నిలుపుతుందని రుజువు లేదు. ఆ చేదుకు వాంతి అయితే పట్టించిన రెండు గ్లాసుల మజ్జిగ పోతుంది, ఆ వాంతి జబ్బు వల్లో రసం వల్లో తెలియక డాక్టర్ అయోమయంలో పడతారు. నా సలహా వద్దనే. కివీ, డ్రాగన్ ఫ్రూట్ కోసం అప్పు చేయనక్కర్లేదు, జామకాయ, బత్తాయి చాలు.

8. ఇంట్లో రెండో మనిషికి రాకుండా

జ్వరం ఉన్న రోజుల్లో రోగి రక్తంలో వైరస్ ఉంటుంది. ఆ మనిషిని కుట్టిన దోమ కొన్ని రోజుల తర్వాత ఇంట్లో ఇంకొకరికి అంటిస్తుంది. కాబట్టి దోమతెర అందరికన్నా ముందు రోగికి కట్టాలి, అదీ పగటిపూట. మలేరియా దోమ రాత్రి కుడుతుంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో మలేరియా క్రిమిని కనిపెట్టింది ఆ అనాఫిలిస్ జాతి దోమలోనే. డెంగీని మోసే ఏడిస్ దోమ, కాళ్ల మీద తెల్ల చారలున్నది, పొద్దున్నే, సాయంత్రం పొద్దుగూకే ముందు ఎక్కువ కుడుతుంది. రాత్రి తెర కట్టుకుంటాం కదా అన్న ధీమా దీని దగ్గర చెల్లదు.

ఈ దోమ మురుక్కాలువలో కాదు, మన ఇంట్లోని మంచినీటిలో పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. వారానికోసారి అన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే "డ్రై డే" వెనక ఉన్న లెక్క అదే. నీళ్లు పారబోస్తే మాత్రం సరిపోదు. గుడ్లు నీటి అంచుకు కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కొబ్బరి పీచుతోనో బ్రష్‌తోనో గోడలు రుద్ది కడగాలి. కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, మనీప్లాంట్ సీసా, పూలకుండీ కింద పళ్లెం, పెరట్లో వాడకుండా పడేసిన రోలు, మేడ మీద పాత టైరు, కొబ్బరి చిప్పలు, మూత సరిగ్గా పడని సంపు. ఒక్కొక్కటీ వెళ్లి చూడండి.

9. తగ్గిన తర్వాత

జ్వరం పోయి రెండు రోజులు గడిచి, ఆకలి వేసి, మూత్రం బాగా వస్తూ, ప్లేట్‌లెట్లు పెరగడం మొదలైతే గండం గడిచినట్టే. ఈ దశలో కొందరికి చేతులు, కాళ్ల మీద ఎర్రగా దద్దు వచ్చి దురద పెడుతుంది, మధ్యమధ్యలో తెల్ల మచ్చల్లా వదిలేస్తుంది. భయపడకండి, కోలుకుంటున్నదానికి గుర్తు అది. నీరసం రెండు మూడు వారాలు ఉండొచ్చు. రెండు మూడు నెలలకు కొందరికి జుట్టు కుప్పలుగా ఊడుతుంది, మళ్లీ వస్తుంది, దానికోసం ఖరీదైన నూనెలు కొనొద్దు. ప్లేట్‌లెట్లు లక్ష దాటాక రోజూ సీబీపీ చేయించే పని లేదు. ఐజీఎం కొన్ని నెలలు పాజిటివ్‌గానే ఉంటుంది, దాన్ని మళ్లీ చేయించి ఇంకా డెంగీ ఉందని బెంగ పడొద్దు.

రిపోర్టుల ఫైలు మాత్రం పారేయకండి. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం నుంచే జీవితాంతం రక్షణ. తర్వాతెప్పుడో వేరే రకం సోకితే జబ్బు మరింత తీవ్రంగా వచ్చే అవకాశం ఎక్కువ. ఇంకో ఏడాది, ఇంకో వానాకాలంలో జ్వరం వస్తే డాక్టర్ దగ్గర కూర్చోగానే "ఇంతకుముందు ఫలానా ఏడాదిలో డెంగీ వచ్చింది" అని చెప్పి, ఆ ఫైలు ముందు పెట్టండి.